చెరిపేసిన మొదటి వరుస

మార్కాపురంలో పీర్ సాహెబ్ పలకల షెడ్డులో ఉన్న పాత కంప్యూటర్‌కు శుక్రవారం దాకే గడువు. నమాజు అయ్యాక పాత సామాన్ల బండికి ఎక్కించేస్తానని ఆయన తెగేసి చెప్పాడు. బిల్లు తెరవమంటే టీ తాగి వచ్చేదాకా తెరవని పెట్టె మరి! కూతురు ముబాషిరా ఏమైనా తక్కువ తిన్నదా? "సోర్స్ కోడ్ నుంచి నా లినక్స్ సిస్టమ్ నేనే కట్టి దీన్ని పరిగెత్తిస్తా అబ్బా, చూడండి" అని పందెం కాసింది.

తొమ్మిది రోజులు పెట్టె ఆపలేదు. షెడ్డులో అందరి అలవాటే ఆమెదీ. చేయాల్సినవి పలక మీద రాసుకోవడం, అయినది అయినట్టు తుడిచేయడం. శుక్రవారం పొద్దునకు రెండే వరుసలు మిగిలాయి. అప్పుడు పోయింది కరెంటు! ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసింది.

కరెంటు వచ్చాక చూస్తే, కట్టిందంతా ఉండాల్సిన ఫోల్డర్ ఖాళీ. ముబాషిరా కేక పెట్టింది.

"అంతా పోయింది చెంచమ్మత్తా!"

పలకలు కోసే చెంచమ్మ అప్పటికే మిషన్ దగ్గర కొలత పలక పెట్టి, కోసేటప్పుడు పలక ఆనే అడ్డపట్టీ సరిచేస్తోంది.

"పొద్దున్నే సరిచేసినావు కదా, మళ్లీ ఏంది?" అంది ముబాషిరా.

"కరెంటు పోయినప్పుడల్లా మిషన్ అదిరి పట్టీ జరుగుతాదమ్మా. మొదట చేసిందే మళ్లీ చేయాల. లేకుంటే పలకలన్నీ వంకరే."

మొదట చేసింది! ముబాషిరా ఒక్క గెంతు గెంతింది. తొలిరోజే తుడిచేసిన వరుస అది. డిస్కులో తన పని దాచిన భాగాన్ని ఆ ఫోల్డర్‌కు తగిలించాలి, అంటే మౌంట్ చేయాలి. పెట్టె ఆగి లేచినప్పుడల్లా చేయాల్సిన పని! వెంటనే కమాండ్ కొట్టింది. అన్నీ ఉన్నాయి! ఒక్క ఫైలు కూడా పోలేదు! ఆనందం పట్టలేక చెంచమ్మను దుమ్ముతో సహా వాటేసుకుంది.

లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ కట్టడం అయ్యేసరికి బండి గుమ్మం ముందుకు రానే వచ్చింది. పీర్ సాహెబ్ వెనకే నిలబడ్డాడు. ముబాషిరా బిస్మిల్లా అనుకుని రీస్టార్ట్ చేసింది. నల్లటి తెర మీద అక్షరాలు పరుగో పరుగు. టీ కాదు కదా, గుక్కెడు నీళ్లు తాగేలోపే అవి ఆగి, పెట్టె లాగిన్ పేరు అడుగుతూ నిలబడింది.

"అప్పుడే లేచిందా?" అన్నాడాయన నమ్మలేక. జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పేసింది ముబాషిరా.

ఆయన బండివాణ్ణి ఉత్త చేతులతో పంపేశాడు. పలక మీద చిన్న గీత పడినా ఊరుకోని మనిషి, కొత్త పలకొకటి తీసి మేకు అందుకున్నాడు.

"ఆ మొదటి వరుస చెప్పు బేటీ. తుడిచినా పోకుండా చెక్కుతా."