విమల ఒక్కతే వినాలె

వాక్‌మన్‌ను గోడకేసి కొట్టాలనిపించడం ఆ పొద్దున అది నాలుగోసారి.

బటన్ నొక్కుతాను. టక్కున లోపలికి పోతుంది, అంతే. ఎర్ర లైటు వెలగదు, క్యాసెట్ చక్రాలు తిరగవు, హెడ్‌ఫోన్‌లో కనీసం గరగరమన్న చప్పుడైనా రాదు. ఇంత అందమైన వస్తువు ఇంత మొండిది కావడం నేనెక్కడా చూడలేదు.

దాన్ని నిన్న సాయంత్రం నర్సింలు తెచ్చి ఇచ్చాడు. నర్సింలుది మా ఆర్మూరు పక్కన వేల్పూరు. దుబాయిలో మా ఆయన ఉండే గదిలోనే ఉంటాడు. నెల రోజుల సెలవు మీద వచ్చిన మనిషి, వచ్చిన మర్నాడే ఇవ్వాల్సిన సామానును తిరిగి వెళ్లే ముందురోజు పట్టుకొచ్చాడు. పైగా ఒక నవ్వు.

"పెట్టె అడుగుల వడ్డది వదినా, యాది మర్సిన. గిండ్ల క్యాసెట్ గూడ ఉన్నది. నిన్నేదో అడిగిండట. జవాబు నన్నే తెమ్మన్నడు. రేపు నాలుగు గొట్టంగ హైదరాబాద్ బస్సెక్కుత, జర అంతల్నె చెప్పు."

"ఏమడిగిండు?" అన్నాను.

"నాకేమెరుక? నువ్వొక్కదానివే ఇనాల్నట."

క్యాసెట్ మీద కూడా పెన్నుతో అదే రాసి ఉంది. విమల ఒక్కతే వినాలె.

అట్లా రాయించుకున్నది నేనే. మా ఆయన దుబాయి పోయి రెండేళ్లు కావస్తోంది. ఇంతకుముందు మూడు క్యాసెట్లు పంపాడు. మూడింటినీ పక్కింటి కమలవ్వ టేప్‌రికార్డర్‌లో విన్నాం. విన్నాం అంటే, వాడకట్టంతా ఆమె అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతూ విన్నది. ఆయన అందులో వాళ్లమ్మ కాళ్లనొప్పులు అడిగేవాడు, కమలవ్వ మంచిచెడ్డలు అడిగేవాడు, చివరికి ఎవరి బర్రె ఈనిందో కూడా అడిగి, ఆఖర్న "ఇంట్ల ఆమెను గూడ అడిగిన అని చెప్పుండ్రి" అనేవాడు. ఆ ఇంట్ల ఆమెను నేనే. అరుగు మీద అందరూ నా వైపు చూసి ముసిముసి నవ్వులు నవ్వేవారు. మూడోసారి నాకు ఒళ్లు మండింది. ఏడో తరగతి చదివిన చేత్తో నాలుగు లైన్ల ఉత్తరం రాసి పడేశాను. మాట్లాడితే నాతో మాట్లాడు, లేకుంటే నా ముచ్చటే ఎత్తకు అని.

దానికి జవాబే ఈ వాక్‌మన్. జవాబు చేతికొచ్చింది గానీ చెవికి రావడం లేదు.

రాత్రి వంటపనిలో తీరలేదు, పొద్దున తీరిగ్గా విందామని ఊరుకున్నాను. సెల్లులు తలకిందులుగా వేశానేమోనని తీసి, మూత మీది బొమ్మ చూసి మళ్లీ వేశాను. వేలికి కొంచెం పసుపు అంటింది, చీర కొంగుకు తుడుచుకున్నాను. సెల్లులను అరగంట ఎండలో పెట్టాను. మా నాన్న టార్చిలైటు సెల్లులను పంటితో కొరికి వాటికి ప్రాణం పోసేవాడు, నేనూ కొరికాను. నోరంతా ఇనుము చేదు తప్ప ఏమీ రాలేదు. క్యాసెట్ తీసి ఉత్త మిషన్‌నే నడిపి చూశాను. హెడ్‌ఫోన్ పీకి మళ్లీ గుచ్చాను. అరచేత్తో రెండు దెబ్బలు కూడా వేశాను.

గోడ అవతల నుంచి కమలవ్వ తల పైకి లేచింది. "ఎందుకే గంత తిప్పలు? మా దాంట్ల వెడ్తె ఒక్క నిమిషం పని!"

ఆమెకు నా మీద జాలి అనుకునేరు. లోపల ఏముందో తెలియక ఆమెకు పొద్దుటినుంచి అన్నం సహించడం లేదు.

మా అత్త గంగవ్వ బీడీల చాట ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చుని ఉంది. "పోరాదే విమలా. నా కొడుకు గొంతు నాకు గూడ ఇనవడ్తది గద" అంది.

ఆ మాట గుచ్చుకుంది. ఐనా క్యాసెట్ కొంగున కట్టుకుని, వాక్‌మన్ పట్టుకుని బజారుకు నడిచాను.

అది పసుపు సీజను. మార్కెట్ రోడ్డంతా బండ్లు, బస్తాలు, దుమ్ము. రేడియోలు బాగుచేసే దేవన్న దుకాణంలో కొత్త పెన్సిల్ సెల్లులు కొని అక్కడే వేశాను. ఊహూ. దేవన్న వాక్‌మన్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు, డాక్టరు రోగిని చూసినట్టు నిట్టూర్చాడు.

"దుబాయి మాల్ గద చెల్లె. ఐసీ వోయింది. హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలె. వారం రోజులు వెట్టిపో."

"నాలుగింటికి నాకు జవాబు జెప్పేదున్నదన్నా! నువ్వు మూత తీసన్న సూసినవా?"

"సూసుడెందుకు? చేతుల వట్టుకుంటె నాకు తెల్వదా? అంత తొందరుంటె క్యాసెట్ ఇటియ్యి, గీ డెక్కుల వెడ్త. ఇక్కడ్నె ఇనిపో."

దుకాణం బల్ల మీద కూర్చున్న నలుగురు మగవాళ్లు, టికెట్టు లేకుండా దొరికిన వినోదమని, సర్దుకుని కూర్చున్నారు. వాక్‌మన్ లాక్కుని వచ్చేశాను. ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. రాసిన మా ఆయన మీద, నెల రోజులు దాచిన నర్సింలు మీద, ముట్టకుండానే రోగం చెప్పిన దేవన్న మీద, చుట్టూ పదిమంది లేకుండా ఒక్క మాట వినే వీలులేని నా బతుకు మీద.

ఇంటికొచ్చేసరికి మూడు దాటింది. గడపలో కూలబడి, ఇంక చేసేదేమీ లేక సెల్లులు మళ్లీ బయటికి తీశాను. ఒక సెల్లు కొసన పసుపు.

పొద్దున దాన్ని తుడిచేసుకుని ఊరుకున్నాను. తప్పు నాది కాదు. ఆ నెలల్లో ఆర్మూరులో పసుపు అంటని వస్తువేది? కూరలో, దిండులో, పిల్లి వీపు మీద కూడా ఉంటుంది. కానీ ఇవి దుకాణంలో అట్టపెట్టె చించి తీసిన సెల్లులు. వీటికి పసుపు ఎక్కడిది? గూటిలోకి వేలు పెట్టి తడిమాను. సెల్లు తల ఆనే ఇత్తడి రేకు మీద గట్టిగా పెచ్చు కట్టిన పసుపు. రేకూ పసుపు రంగే, అందుకే కంటికి ఆనలేదు.

"అత్తమ్మా! దీనికేమన్న వెట్టినవా?"

"పెట్టకుంట ఎట్ల?" అంది, ఏమీ ఎరగనట్టు. "కొత్త సామాను ఇంట్లకొస్తె బొట్టు వెట్టరా? రాత్రి నువ్వు వంట జేస్తుంటె మూత దీసి నూనెల కలిపిన పసుపు వెట్టిన."

"లోపటెందుకు వెట్టినవు?"

"పోయినసారి ఇస్త్రిపెట్టె మీద వెడ్తె మూతి ముడిసినవు, రంగు వోతదని. మీద వెట్టద్దంటివి గద, లోపట వెట్టిన."

తిట్టడానికి నోరు తెరిచాను. కానీ ఆమె నేను చెప్పినట్టే చేసింది. బీడీ ఆకు కత్తిరించే కత్తెర తీసుకుని, దాని మొనతో రేకును గీకడం మొదలుపెట్టాను.

"శుభానికి వెట్టింది గీకుతవా!" అని అత్తమ్మ లేచింది. నా మొహం చూసి, కొడుకు కోసం కట్టిన చింతకాయ తొక్కు డబ్బా తీసుకుని, "నర్సింలుకు ఇయ్యవోతున్న. ఇనుడయినంక నువ్వు రా" అని గోడ అవతలి కమలవ్వను కూడా వెంటబెట్టుకుని బస్టాండుకు వెళ్లిపోయింది.

సెల్లులు వేశాను. బటన్ నొక్కాను. ఎర్ర లైటు వెలిగింది.

"విమలా" అన్నాడు.

ఇంట్లో ఉన్నప్పుడు "ఇగో" అనేవాడు. చెవిలో అంత దగ్గరగా ఆ గొంతు వినేసరికి తలుపు వేశానో లేదోనని చూసుకున్నాను.

"ఇనవడ్తుందా? నర్సింలును బైటికి తోలిన. ఎవ్వలు లేరు." తర్వాత దగ్గు. తర్వాత ఫ్యాను చప్పుడు. "మంచిగున్నవా?" మళ్లీ ఫ్యాను. అక్కడి ఎండ సంగతి, రొట్టెల సంగతి, కొత్త చెప్పుల సంగతి. మధ్య మధ్య ఏమీ లేదు, ఒట్టి ఊపిరి. ఒక్కదానితో మాట్లాడమంటే ఆయనకు మాటలే రావడం లేదు. నాలుగింటికి ఇంకా పావుగంట. ముందుకు తిప్పితే అసలు మాట జారిపోతుందని భయం. "చెప్పు మనిషీ, చెప్పు!" అని అరిచాను, అక్కడికి వినిపించేటట్టు.

"ఒకటి అడగాలె" అన్నాడు చివరికి. "ఇంక రెండేండ్లకు సంతకం వెట్టుమంటుండ్రు. నర్సింలు తిరిగొచ్చిన వారం లోపట చెప్పాలె. అమ్మనడిగితె ఉండుమంటది. అందరు ఉండుమనేటోల్లే. నేను నిన్నడుగుతున్న. ఉండుమంటె ఉంట, రమ్మంటె వస్త. నువ్వు ఒక్క మాట చెప్పు."

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను.

బస్టాండులో మా వాడకట్టు సగం ఉంది. బస్సు అప్పటికే గుర్రుమంటోంది. నర్సింలు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "వదినా! ఏమన్న జవాబు?"

దగ్గరికి పోయి చెవిలో చెబుదామనుకున్నాను. కిటికీ ఎత్తులో ఉంది. కండక్టరు గంట కొట్టాడు.

"రమ్మను" అన్నాను మెల్లిగా.

"ఆఁ? ఇనవడ్తలేదు!"

"రమ్మను!"

"ఎవర్ని?"

బస్సు కదిలింది. పక్కన అత్తమ్మ, వెనక కమలవ్వ, చుట్టూ బస్టాండు.

"లక్ష్మీరాజాన్ని!" అని గొంతు చించుకున్నాను. "లక్ష్మీరాజాన్ని రమ్మను! రెండేండ్ల సంతకం వెట్టద్దని చెప్పు!"

మొగుడి పేరు బజార్లో పలికానని కమలవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నర్సింలు కళ్లు పెద్దవి చేసి, తర్వాత తలూపాడు. నాకు సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. అత్తమ్మ నా వైపు చూడలేదు. కుంటుకుంటూ బస్సు వెంట నాలుగడుగులు వేసి, దాని రేకు మీద చేత్తో చరిచింది.

"ఒరేయ్ నర్సింలూ! వాళ్లమ్మ గూడ రమ్మన్నదని చెప్పురా! నన్నెవ్వలు అడగలే, ఐనా చెప్పు!"

బస్సు రోడ్డెక్కి జక్రాన్‌పల్లి వైపు తిరిగింది. కిటికీలో తల అప్పటికే లోపలికి పోయింది. దుమ్ములో నిలబడి అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. రెండేళ్లలో ఈ మనిషిని నేను కూడా ఒక్క మాట అడగలేదు.

"ఇన్నడంటవానే?" అంది.

విన్నాడో లేదో నాకు తెలియదు.

"ఇన్నడత్తమ్మా" అన్నాను.