ఆదెప్ప చీపురు

ఆదెప్ప చీపురును ముందుకు చాచి పట్టుకుని టాంకరు చుట్టూ నడుస్తున్నాడు. ఊడవడం లేదు. పొడవాటి వెదురుకర్రకు కట్టిన చీపురును నడుమెత్తున గాలిలో ఆడిస్తూ, పంపు దగ్గరా పైపు అతుకుల దగ్గరా ఆగుతున్నాడు. యాభై ఎనిమిదేళ్ల బక్కపలచని మనిషి, మెడ మీద పాత కాలిన మచ్చ. పెనుకొండ దగ్గరి ఈ ఫ్యాక్టరీలో నాలుగేళ్లుగా అతని రోజు ఇలాగే మొదలవుతుంది.

"ఏమప్పా, గాలికి దుమ్ము పట్టిందా?" అన్నాడు పంపు ఆపరేటరు గోపాల్. నవ్వడానికి అక్కడ ఎప్పుడూ నలుగురు ఉంటారు.

వేరుశనగ పొట్టు నుంచి మిథనాల్ తీసి, ఓడలకు ఇంధనంగా అమ్మే కంపెనీ అది. ఓడను బొమ్మల్లో తప్ప చూడని మేనేజరు చంద్రశేఖర్ ఓడల గురించి గంటసేపు మాట్లాడగలడు. మిథనాల్ మోసే ఓడలో పదకొండేళ్లు పనిచేసిన ఆదెప్పను మాత్రం ఒక్క మాట అడగలేదు. అడగడానికి ఆదెప్ప మెడలో టై లేదు మరి!

ఆ రోజు ఓడల కంపెనీవాళ్లు వస్తున్నారు. గేటుకు బంతిపూలు కట్టారు. పంపు వెనక గోడ మీద 'భద్రతే మా ఊపిరి' అన్న అక్షరాలకు కొత్త రంగు వేశారు.

చంద్రశేఖర్ చీపురును చూసి మొహం చిట్లించాడు. "పెద్దోళ్లు వచ్చే పూట ఎదురుగా పొరకేందప్పా, అపశకునం! లోపల పడెయ్."

"ఎండలో మిథనాల్ మంట కంటికి ఆనదు సార్. పొరక అంటుకుంటేనే తెలిసేది."

"ఇంత చదివినోళ్లకు కనపడని మంట నీ పొరకకు కనపడతాదా?"

తను ముట్టుకోకుండా గోపాల్ చేత దాన్ని లాగించి, ఆఫీసు బాత్రూములో పెట్టించాడు.

మధ్యాహ్నం ఫొటోల కోసం పంపు నడిపించారు. అతిథులు టాంకరు ముందు నిలబడ్డారు. ఆదెప్ప ఒక్కడే పంపు వైపు చూస్తున్నాడు. పంపు వెనక గోడ మీది అక్షరాలు సెగకు వణుకుతున్నట్టున్నాయి. పొగ లేదు, వెలుగు లేదు.

"అందరూ గేటు కాడికి పోండి! పంపు కాలతాండాది!"

"యాడ మంట? తాగొచ్చినావా?" అన్నాడు చంద్రశేఖర్. అతిథులు మాత్రం ప్రశ్నలడగకుండా పరుగెత్తారు. వాళ్లను చూసి ఆయనా పరుగెత్తాడు, అందరికంటే ముందు గేటు దాటాడు. గోపాల్ పంపైనా ఆపకుండా పరుగెత్తాడు.

మిథనాల్‌ను ఆపే వాల్వు పంపుకు అవతల ఉంది. మంట ఎక్కడిదాకా వచ్చిందో చూపించే చీపురు లేదు. ఆదెప్ప దాని బదులు కుడిచెయ్యి చాచి ముందుకు నడిచాడు. చేతికి తగిలాకే తెలిసింది. అయినా ఆగకుండా ఆ మంటలోంచే పోయి వాల్వు మూశాడు. టాంకరు అంటుకోలేదు.

మూడో రోజు ఆస్పత్రిలో పోయాడు. హెచ్చరించినా వినకుండా వెళ్లాడని చంద్రశేఖర్ రిపోర్టు రాశాడు. ఆ రాసిన చేతికి సిగ్గు లేదు.

భార్య నల్లమ్మకు అతని టిఫిన్ డబ్బా, చెప్పులు ఇచ్చి పంపారు. చీపురు ఎవరికీ గుర్తు రాలేదు. బాత్రూము తలుపు వెనక, ఓడతాడుతో ఆదెప్ప వేసిన ముడి బిగి సడలకుండా, ఒక్క పుల్లయినా కాలకుండా అది నిలబడే ఉంది.