లెక్క తప్పని గది

ఆసుపత్రి కింది అంతస్తులో, లిఫ్టు దిగగానే ఎడమవైపు ఉండే గదిని అందరూ ఆవిరి గది అంటారు. ఆపరేషన్లకు వాడిన కత్తెరలూ, క్లిప్పులూ, పట్టకార్లూ పైనుంచి ట్రేలలో ఇక్కడికి దిగుతాయి. వాటిని కడిగి, లెక్కపెట్టి, గుడ్డలో చుట్టి, ఆవిరి యంత్రంలో పెట్టి మళ్లీ పైకి పంపుతారు. ఆరుగురు పనిచేస్తారు. ఆ ఆరుగురికీ పెద్ద ఒకావిడ. వయసులో తనకంటే పెద్దవాళ్లు కూడా ఆమెను పెద్దక్క అనే పిలుస్తారు. అలా పిలిపించుకోవడం ఆమెకూ ఇష్టమే, దాచడమెందుకు.

ఆ గది గోడకు అద్దం కట్టించిన ప్రశంసాపత్రం ఒకటి వేలాడుతుంటుంది. ఏడేళ్లుగా ఒక్క వస్తువు కూడా పోగొట్టని విభాగం అని దానిమీద అచ్చువేశారు. రోజుకు అరవై ట్రేలు ఎక్కి దిగే చోట ఏడేళ్లలో ఒక్క కత్తెరైనా పోలేదంటే ఎవరికైనా అనుమానం రావాలి. రాలేదు. మంచి మాట చెవిన పడితే ఎవరు మాత్రం గుచ్చి గుచ్చి అడుగుతారు?

అసలు సంగతి మూడో బల్ల కింది సొరుగులో ఉంది. ఏడేళ్ల కిందట ఆ గదిలో పనిచేసే ఒకాయన, తన ట్రేలో ఒక కత్తెర తక్కువ వచ్చిందని ఉన్నదున్నట్టు లెక్క చీటీలో రాశాడు. మూడో రోజున ఆయనకు మెమో వచ్చింది. కత్తెర పోయింది పైన, మెమో వచ్చింది కింద. కాగితం మీద ఉన్న పేరు ఆయనది కాబట్టి బాధ్యుడూ ఆయనే అన్నారు. రావలసిన ప్రమోషన్ ఆగిపోయింది. పది రోజుల తర్వాత ఆ కత్తెర లాండ్రీ నుంచి గుడ్డల మడతల్లో నిక్షేపంలా తిరిగొచ్చింది. ప్రమోషన్ మాత్రం తిరిగిరాలేదు.

ఆ కత్తెరను పెద్దక్క సొరుగులో పడేసింది. మళ్లీ ఎవరి ట్రేలోనైనా ఒకటి తగ్గితే అందులోంచి తీసి వేయొచ్చని. అలా మొదలైంది. పాతబడి పక్కన పెట్టిన సెట్లలోంచి కొన్ని క్లిప్పులూ పట్టకార్లూ వచ్చి చేరాయి. పోయినవి వారం పది రోజుల్లో లాండ్రీ నుంచో చెత్త సంచిలోంచో తిరిగొచ్చేవి, వచ్చినవి సొరుగులోకి వెళ్లేవి. ఎవరికీ మెమో లేదు, ఎవరూ ఎవరిమీదా చాడీలు చెప్పుకోలేదు. అంత ఐకమత్యం ఉన్న విభాగం ఆ ఆసుపత్రి మొత్తంలో మరొకటి లేదు. పెద్దక్క దానికి లోలోపల పొంగిపోయేది కూడా.

ఆరుగురిలో ఆఖరున చేరింది ఆమె తోటికోడలు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే వంటగది. మరిది నడుం దెబ్బతిని మంచాన పడ్డాక, పెద్దక్కే వాళ్లనీ వీళ్లనీ బతిమాలి తోటికోడల్ని టెంపరరీగా ఇక్కడ వేయించింది. రెండేళ్లయింది. ఆమెను పర్మనెంట్ చేసే కాగితం సూపరింటెండెంటు బల్ల మీద ఉంది. నెలాఖరులోగా సంతకం అయిపోతుందన్నారు. ఈలోగా ఆమె పేరు మీద ఒక్క మెమో పడితే చాలు, ఆ కాగితం అటకెక్కుతుంది.

ఆ రోజు మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పుకుని భోజనానికి కూర్చున్నారు. తోటికోడలు మూత తీస్తూ మాటవరసకు అంది.

"పొద్దున ఒక ట్రేలో క్లిప్పు తగ్గిందక్కా. నువ్వు ఫోన్లో ఉన్నావని నేనే సొరుగులోంచి తీసి వేసేశా."

"మంచి పని చేశావమ్మా," అన్నాడు పక్కనున్నాయన. చూపు ఆనించకుండానే గబగబా లెక్కపెడతాడని ఆయన్ని లెక్కల మాస్టారంటారు.

"ఏ ట్రే?" అంది పెద్దక్క.

"నిన్న సాయంత్రం దిగిందే, పెద్దది. పొట్ట ఆపరేషన్ ట్రే."

నోటిదాకా వెళ్లిన పెద్దక్క చెయ్యి అక్కడే ఆగిపోయింది.

సొరుగుకు ఒక నియమం ఉంది. కట్లు కట్టే ట్రేలకూ, కుట్లు విప్పే ట్రేలకూ మాత్రమే అది. పొట్ట కోసిన ట్రేలో ఒకటి తగ్గితే సొరుగును ముట్టుకోకూడదు, ఎందుకంటే ఆ తగ్గినది గుడ్డల్లోనే ఉండాలని రూలేం లేదు. ఏడేళ్లలో అలా రెండుసార్లు తగ్గితే రెండుసార్లూ పెద్దక్క తనే లాండ్రీకి పరుగెత్తి, గుడ్డల్లో దొరికేదాకా వెతికించింది. నియమం గట్టిదే. కాకపోతే ఎక్కడా రాసి లేదు. లేని సొరుగుకు నియమాలు ఎవరు రాస్తారు? కొత్తగా చేరినవాళ్లకు ట్రే ఎలా కడగాలో నేర్పుతారు, గుడ్డ ఎలా మడవాలో నేర్పుతారు. సొరుగు సంగతి మాత్రం చూసి పట్టేసుకోవలసిందే. తోటికోడలు చూసింది, సగం పట్టేసుకుంది. తప్పు ఆమెది కాదని పెద్దక్కకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. తప్పు ఎవరిదో కూడా తెలిసింది.

డబ్బా మూసేసి లాండ్రీకి పరుగెత్తింది. నిన్నటి సంచులన్నీ కింద పోయించి ఒక్కొక్క గుడ్డా దులిపించింది. లేదు. చెత్త గదిలో అడిగింది. అక్కడా లేదు. లాండ్రీ ఫోన్ నుంచే ఆపరేషన్ థియేటర్ హెడ్ నర్సుకు ఫోన్ చేసింది.

"మా లెక్క సరిపోయిందమ్మా," అంది హెడ్ నర్సు. "ఇరవై నాలుగు. సంతకాలు కూడా ఉన్నాయి."

"మీరు ఎంచారా?"

అటునుంచి కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"మీ చీటీలో కూడా ఇరవై నాలుగే రాసుంది కదా. అయినా మీ గదిలో ఎప్పుడైనా తగ్గిందా? కింద మీరున్నారనేగా మా ధైర్యం."

ఏడేళ్లుగా కిందినుంచి తక్కువ అన్న మాట రాకపోయేసరికి, పైవాళ్లు ఎంచడమే మానేశారు. వాళ్ల ధైర్యం ఏమిటో పెద్దక్కకు తెలుసు. మూడో బల్ల కింద ఉంది. రోగి ఎలా ఉందని అడిగింది. నలభై ఏళ్ల మనిషి, కొద్దిగా జ్వరం ఉంది, ఆపరేషన్ తర్వాత అది మామూలేగా అని చెప్పింది హెడ్ నర్సు.

గదికి తిరిగొచ్చేసరికి అందరూ చేతులు కడుక్కుని ఆమెకోసమే చూస్తున్నారు.

"రెండు రోజులు ఆగు," అన్నాడు లెక్కల మాస్టారు. "లాండ్రీ నుంచి వస్తుంది. ఎప్పుడు రాలేదు గనక? ఇప్పుడు నువ్వెళ్లి చెప్పావనుకో, సొరుగు బయటపడుతుంది. అందరం రోడ్డున పడతాం."

మిగతావాళ్లు వెళ్లమనలేదు, వద్దనీ అనలేదు. ఒకావిడ అప్పటికే శుభ్రంగా ఉన్న బల్లను మళ్లీ తుడవడం మొదలుపెట్టింది. తోటికోడలు మాత్రం దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"నెలాఖరు దాకా ఆగలేవా అక్కా? ఇంకా పది రోజులే. ఇంట్లో పరిస్థితి నీకు తెలియనిదా?"

పెద్దక్క స్టూలు మీద కూలబడింది. ఆమెను దేవతను చేసి కూర్చోబెట్టక్కర్లేదు. ఆగుదామనే అనుకుంది. అందరూ సంతకాలు పెట్టారు, కాగితాల ప్రకారం అంతా సవ్యంగానే ఉంది, కాదంటున్నది తన నోరొక్కటే. నోరు మూసుకోవడం ఎంతసేపు పని? గోడ గడియారంలో ఇరవై నిమిషాలు గడిచాయి. అప్పుడామెకు ఒక ఆలోచన వచ్చింది. రేపో ఎల్లుండో లాండ్రీ నుంచి ఏదో ఒక క్లిప్పు తప్పకుండా వస్తుంది. క్లిప్పుల మీద పేర్లుండవు. అదిగో అదే ఇది అని అందరూ ఒప్పేసుకుంటారు. తనూ ఒప్పేసుకుంటుంది, హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది. ఇన్నేళ్లూ చేసింది అదే.

లేచి సూపరింటెండెంటు గదికి వెళ్లింది.

ఆయన ఆమె చెప్పిందంతా వినకముందే ఫోన్ ఎత్తి, ఆ రోగికి వెంటనే ఎక్స్‌రే తీయమన్నాడు. ఆ తర్వాతే కూర్చోమన్నాడు. సొరుగు సంగతి మొదటినుంచీ చెప్పింది.

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే మెమో ఇస్తారని."

"మెమో ఇచ్చేది మీరు జాగ్రత్తగా ఉండాలని."

"ఉన్నామండీ. మా జాగ్రత్తే ఆ సొరుగు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ముప్పావుగంటకు ఫోన్ మోగింది. విన్నాడు, పెట్టేశాడు.

"ఉంది," అన్నాడు. "రేపు పొద్దున మళ్లీ ఆపరేషన్ చేసి తీస్తారు."

పై అధికారులకు పంపే రిపోర్టు ఫారం కంప్యూటర్లో తెరిచాడు. అందులో బాధ్యుల పేర్లు అని ఒక గడి ఉంది.

"నా పేరు రాయండి," అంది పెద్దక్క. "సొరుగు పెట్టింది నేను. ఆ పిల్లకేం తెలియదు."

"మీ పేరూ రాస్తాను, పైన సంతకాలు పెట్టినవాళ్లవీ రాస్తాను. కానీ ఈ చీటీ మీద సంతకం ఆ అమ్మాయిది. ఆ పేరు లేకపోతే నాకే సంజాయిషీ అడుగుతారు."

"మరి ఆ పర్మనెంట్ కాగితం?"

"ఏడాది ఆగుతుంది. అంతకుమించి నా చేతుల్లో లేదమ్మా."

ఆయన చెడ్డవాడేం కాదు. ఆయన కుర్చీ పైన ఇంకో కుర్చీ ఉంది, అంతే. ఇకమీదట తగ్గింది అని రాసినవాళ్లకు మెమో ఇవ్వనన్నాడు. ఆ మాట కాగితం మీద ఇవ్వమంది పెద్దక్క. ఆయన ఒక్క నిమిషం ఆమెకేసి చూసి, తెల్ల కాగితం తీసుకుని రాసిచ్చాడు.

ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే బస్సెక్కారు గాని, తోటికోడలు వెళ్లి ముందు సీట్లో కూర్చుంది. ఇంట్లో వంట చేసింది, అందరికీ వడ్డించింది, పెద్దక్క కంచంలోనూ వడ్డించింది. ఒక్క మాట మాట్లాడలేదు. ఏమైందని మరిది మంచం మీంచి అడిగితే ఏం లేదంది. తిట్టిపోసినా బాగుండేదని పెద్దక్కకు ఏడుపొచ్చింది.

మర్నాడు పదకొండున్నరకు లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఎప్పుడూ కిందికి రాని హెడ్ నర్సు ట్రే తనే మోసుకుంటూ వచ్చింది. మెమో ఆవిడకూ అందింది, కళ్లు చూస్తేనే తెలుస్తోంది. ట్రేను మూడో బల్ల మీద పెట్టి, ఎంచుదామా అంది. తోటికోడలు చేతి తొడుగులు వేసుకుని ఒక్కొక్కటే తీసి గుడ్డ మీద పేరుస్తుంటే, ఆమే, హెడ్ నర్సూ ఇద్దరూ పైకే లెక్కపెట్టారు. గదిలో అందరూ పని ఆపి వింటున్నారు.

"ఇరవై నాలుగు," అంది హెడ్ నర్సు.

ట్రేలో ఇంకొకటి ఉంది. లోపలినుంచి తీసిన క్లిప్పును విడిగా పెట్టాలని చెప్పినా, ఎవరిదో చెయ్యి అలవాటు కొద్దీ ట్రేలోనే వేసేసింది. తోటికోడలు దాన్ని కూడా తీసి వరస చివర పెట్టింది. చీటీ అందుకుంది. సరిపోయింది, తగ్గింది అని చీటీలో ఉన్నవి రెండే గళ్లు.

"ఎక్కువొస్తే ఎక్కడ రాయాలక్కా?"

"కింద ఖాళీలో రాయి," అంది పెద్దక్క.

ఇరవై ఐదు అని రాసింది. దానికింద పూర్తి పేరుతో సంతకం చేసింది.

"ఆవిడకి ఎలా ఉంది?" అని అడిగింది హెడ్ నర్సును.

"ఇందాకే కళ్లు తెరిచింది. పిల్లలిద్దరూ బయటే కూర్చున్నారు, పొద్దుటినుంచీ."

తోటికోడలు తొడుగులు తీయకుండానే గోడకు చేరగిలబడింది. కళ్లవెంట నీళ్లు కారిపోతుంటే తుడుచుకోవడానికి చేతులు పనికిరాకపోతే, పెద్దక్క తన కొంగుతో తుడిచింది.

"నిన్న నిన్ను ఆగమన్నాను కదక్కా," అంది తోటికోడలు.

"నేను ఆగాను కూడా," అంది పెద్దక్క. "ఇరవై నిమిషాలు."