మూడు పొంగుల సీసా

మునసబు నరసింహారావు దగ్గర లింగమ్మ రెండెకరాలు కౌలుకు చేస్తోంది. వరసగా రెండేళ్ళు ఎండు తెగులు సోకి కంది నిలువునా పోయింది. ఈ యేడూ పోతే పొలం తీసేసుకుంటానని మునసబు తేల్చి చెప్పాడు. గురజాల చుట్టుపక్కల ఆయన మాటకు తిరుగు లేదు, మతి మాత్రం అంతంతే.

అది 1946. వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు ప్రభాకరరావు ఒక సీసా తెచ్చి మునసబు చేతిలో పెట్టాడు. ఇందులో మంచి క్రిములున్నాయనీ, బెల్లం నీళ్ళతో విత్తనాలకు పట్టిస్తే కంది ఏపుగా పెరుగుతుందనీ, తెగులూ తగ్గుతుందనీ చెప్పి వెళ్ళాడు.

"నాకూ కాసిని చుక్కలు పొయ్యండయ్యా," అంది లింగమ్మ.

"సర్కారు మందు నీకెందుకే!"

కిందటేడు కలరా వచ్చినప్పుడు, నీళ్ళలో క్రిములుంటాయి, కాచి తాగమని దండోరా వేయించింది ఈ మునసబే. క్రిములనగానే ఆయనకు ఆ పాఠం గుర్తొచ్చింది. సీసా గిన్నెలో ఒంపించి, మూడు పొంగులు రానిచ్చి, చల్లార్చి, పక్కనే ఉన్న తన సొంత చేలో వేసే విత్తనాలకు పట్టించాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, ఇదే.

లింగమ్మ పుట్టింటికి పోయింది. అక్కడ అన్న చేలో కందికి ఏనాడూ తెగులు రాలేదు. ఆ మొదళ్ళ దగ్గరి మట్టి గంపెడు మోసుకొచ్చి, బెల్లం నీళ్ళతో విత్తనాలకు పులిమింది.

"ఏందే, పుట్టింటోళ్ళు చీరె బదులు మన్ను పెట్టారా?" అని అమ్మలక్కలు నవ్వారు.

కార్తీకానికి మునసబు కంది ఎండుపుల్లలయింది. గట్టు ఇవతల లింగమ్మ చేను విరగబూసి కాయ పట్టింది. డిమాన్‌స్ట్రేటరు చూడవస్తే మునసబు ఆయన్ను తిన్నగా లింగమ్మ చేలోకే తీసుకొచ్చాడు.

"మీ సీసా మహిమేనండీ. మూడు పొంగులు కాచి మరీ వాడాం."

ప్రభాకరరావు రాయబోతున్న కలం ఆపాడు. "కాస్తే చస్తాయి కదండీ," అని గొణిగాడు. మళ్ళీ పచ్చటి చేను చూశాడు. "సర్లెండి, జిల్లాలో ఒక్క సీసా అయినా పనిచేసినట్టు రాయాలి. వచ్చే యేడు ఇది సర్కారు ప్రదర్శన పొలం. మీ సొంత సేద్యంలో ఉండాలి."

"అంతకన్నానా! ఏమే లింగమ్మా, కోతవగానే పొలం అప్పగించు."

లింగమ్మకు ఒళ్ళు మండింది. "ఎండితే తీసుకుంటానంటిరి. పండింది గదయ్యా!"

"పండింది సీసాతో గదే."

"చస్తే నా తప్పు, బతికితే మీ సీసానా? దొరా, సీసా పోసిన చేను ఆ గట్టవతల ఉంది. పదండి, దాన్ని గూడా రాసుకోండి."

ప్రభాకరరావు గట్టు వైపు తల తిప్పలేదు. కలానికి మూత పెట్టుకుని, ఎండ చానా ఎక్కువగా ఉందన్నాడు.