జెకర్యా ఇచ్చిన రక్తం

రక్తం ఇచ్చి వస్తానని పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరిన జీవన్ కుమార్‌కి ఇరవై రోజుల తర్వాత ఒక కాగితం వచ్చింది. రెండువేల నాలుగు నవంబరులో రైల్వేవాళ్ళు పలాస స్టేషన్లో రక్తదాన శిబిరం పెట్టారు. జీవన్ కుమార్ లైను మీద కీమ్యాను. పట్టాల బిగింపులు చూసుకుంటూ రోజూ మైళ్ళకు మైళ్ళు నడిచేవాడు, ఒక్క పూట కూడా అన్నం మానని మనిషి. కాగితంలో ఇంగ్లీషు అతని భార్య మిరియంకి సగమే అర్థమైంది. హెపటైటిస్ సి అన్న మాట కింద ఎవరో ఎర్ర సిరాతో గీత గీశారు.

"తప్పు కాయితం వచ్చుంటాది," అంది మిరియం. "అదే పేరున్నోళ్ళు ఇంకెవులో ఉంటారు."

అతనూ అదే అన్నాడు. ఇద్దరూ దాన్నే నమ్ముకుని విశాఖ వెళ్ళారు.

రైల్వే ఆసుపత్రిలో డాక్టరమ్మ మళ్ళీ రక్తం తీయించింది. వారం తర్వాత పిలిచి, కాగితం తప్పు కాదని చెప్పింది. ఈ వైరస్ రక్తం ద్వారా వస్తుందట. లోపల చేరి చాలా ఏళ్ళే అయి ఉంటుందట, మనిషికి తెలియకుండా కాలేయాన్ని తింటూ ఉంటుందట.

"ఎప్పుడైనా రక్తం ఎక్కించారా మీకు?" అని అడిగింది.

ఎక్కించారు. ఒక్కసారే. తొంభై ఒకటిలో, పెళ్ళైన ఎనిమిదో నెలలో, రైలు పట్టా జారి అతని తొడ మీద పడినప్పుడు. రక్తం దొరకడం లేదన్నారు. మిరియం అన్న జెకర్యా, చొక్కా చెయ్యి పైకి మడిచి, అడగకముందే బల్ల మీద పడుకున్నాడు. అప్పటినుంచీ ఏ పెళ్ళిలో నలుగురు కూడినా, చర్చి మెట్ల మీద ఎవరు కలిసినా, జీవన్ భుజం తట్టి "ఈ బావ ఒంట్లో ఉన్నది నా నెత్తురే" అని నవ్వేవాడు.

"అప్పట్లో రక్తానికి ఈ పరీక్ష లేదమ్మా," అంది డాక్టరమ్మ. "ఇచ్చినాయనకి తెలిసే వీలే లేదు. ఆయన్ని కూడా ఒకసారి తీసుకురండి. ఆలస్యం చెయ్యకండి."

తిరుగు రైలు నౌపడా దాటుతోంది. కిటికీ అవతల ఉప్పు మడులు తెల్లగా మెరుస్తున్నాయి. జెకర్యా ఆ మడుల్లోనే మేస్త్రీ.

"బావకి సెప్పొద్దు," అన్నాడు జీవన్ కుమార్. "నా మందు అయిపోనీ. నాను లేచి తిరిగినాక సెబుదాం. ఇప్పుడు సెబితే ఆడు ఇదైపోతాడు."

"డాక్టరమ్మ బేగి తెమ్మంది గదా."

"ఆడికేటైంది, రాయిలాగున్నాడు. ఆర్నెల్లే గదా."

మిరియం తల ఊపింది. ఆ తల ఊపడం తర్వాత తర్వాత ఆమెకి ఎన్నిసార్లు గుర్తొచ్చిందో లెక్కలేదు.

ఫిబ్రవరిలో మందు మొదలైంది. వారానికో సూది, రెండు పూటలా మాత్రలు, ఇరవై నాలుగు వారాలు. మొదటి సూది వేసిన సాయంత్రం మూడు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. అది తెల్లారేసరికి తగ్గింది గానీ, నెల తిరిగేసరికి మిరియం ఊహించనిది జరిగింది. మైళ్ళు నడిచినవాడు మంచం నుంచి స్నానాల గదికి గోడ పట్టుకుని నడిచి, మధ్యలో కూలబడిపోయాడు. నిద్రపోయి లేచినా అలసటే. వేట మాంసం వండిన రోజు రెండు కంచాల అన్నం తినేవాడు కాస్తా ముద్ద నోట్లో పెట్టుకుని, మింగలేక, ఉమ్మలేక, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతూ కూర్చున్నాడు.

"నోట్లో తుప్పు ముక్క పెట్టుకున్నట్టుంది మిరియం. ఆకలంటే ఎలగుంటాదో మర్సిపోనాను."

మిరియం మొదట్లో బతిమాలింది, తర్వాత కసిరింది, ఒకరోజు కంచం విసురుగా నేల మీద పెట్టి పెరట్లోకి వెళ్ళి ఏడ్చింది. తరువాతి సూదికి వెళ్ళినప్పుడు ఆసుపత్రి నర్సు కృష్ణవేణి ఆమెని పక్కకి పిలిచి చెప్పింది. ఆకలి కోసం ఎదురు చూడొద్దు, గడియారం చూడు. రెండు గంటలకోసారి కొంచెం. కంచం నిండా పెడితే చూడగానే భయపడతాడు.

ఆ మాట పట్టుకుంది మిరియం. నోట్లో తుప్పు రుచికి తోడవుతాయని స్టీలు కంచం, స్టీలు గ్లాసు అటకెక్కించి పింగాణీ పళ్ళెం తీసింది. పోపు వాసన గిట్టడం లేదని పొయ్యి పెరట్లోకి మార్చింది. అన్నం చల్లారాకే పెట్టేది. పొద్దున్న ఒంట్లో కాస్త ఓపిక ఉన్నప్పుడే ఉడికించిన గుడ్డు, ఇడ్లీ. మధ్యాహ్నం పెరుగు కలిపిన గంజి, ఓ అరటిపండు. సూది రోజున మజ్జిగ, నిమ్మరసం, అంతే. సాయంత్రం చెయ్యి పట్టుకుని క్వార్టర్ల గేటు దాకా నడిపించి, అక్కడ సిమెంటు దిమ్మ మీద కూర్చోబెట్టి, మళ్ళీ నడిపించుకొచ్చేది. పిల్లలిద్దరికీ నాన్న పడుకుంటే రేడియో పెట్టకూడదని తెలిసిపోయింది. చెంచాల లెక్కన బతుకుతున్నా, బరువు దిగడం మాత్రం ఆగింది.

ఈ మధ్యలో జెకర్యా శనివారం శనివారం వచ్చేవాడు. సొంత ఊరు మూలపేట నుంచి టెక్కలి, అక్కడ బస్సు మారి పలాస. చేతిసంచిలో తాటాకులో చుట్టిన చందువ చేపలో, పీతలో. బావకి కామెర్లు ముదిరాయని మాత్రమే అతనికి చెప్పారు.

"సముద్రం సరుకు తింటే ఒంట్లోకి బలం వత్తాది. ఏటి సూత్తన్నావు మిరియం, పులుసెట్టు," అనేవాడు.

చేపల వాసనకే జీవన్ కుమార్ లేచి వాకిట్లోకి పోయేవాడు. జెకర్యా ముఖం చిన్నబుచ్చుకునేవాడు. అన్నని భోజనానికి కూర్చోమంటే, ఇంటికాడ తినే వచ్చానని సంచి దులుపుకుని వెళ్ళిపోయేవాడు. చెప్పేద్దామని మిరియం నోటిదాకా వచ్చేది. మొగుడి వైపు చూసి మింగేసేది.

జులైలో రెండు శనివారాలు జెకర్యా రాలేదు. కోపమొచ్చిందేమో అనుకుంది. మూడో శనివారం తానే బస్సెక్కింది. ఊళ్ళోకి నడుస్తుంటే ఎవరో ముసలాయన ఎదురుపడి "అన్నని సూడ్డానికి వత్తన్నావా" అని జాలిగా అన్నాడు. ఆ జాలి ఎందుకో ఆమెకి అర్థం కాలేదు.

గుమ్మంలో అడుగుపెట్టి ఆగిపోయింది. మంచం మీద ఉన్న మనిషిని ముందు ఎవరో అనుకుంది. చేతులు పుల్లల్లా ఉన్నాయి. పొట్ట మాత్రం బిగదీసిన డప్పులా ఉంది. కళ్ళు పసుపు. మంచం కింద పళ్ళెంలో అన్నం ఎండిపోయి ఉంది.

"మిరియమా," అన్నాడు జెకర్యా. "బావకి సేపలు తేలేదని వచ్చినావా?"

వదిన దయమ్మ ఆమెని వెనకింట్లోకి తీసుకెళ్ళింది.

"ఎప్పుట్నుంచి వదినా?"

"అన్నం సరిగ్గా తిని నాలుగు నెల్లయింది. నీకు సెప్పొద్దన్నాడు. బావ అలగుంటే మనదేటని. మీ ఇంటికొచ్చినప్పుడల్లా బస్టాండు కాడ రెండు సోట్ల కూకుని కూకుని ఎల్లేవోడు. పసరు తాగిత్తన్నాం."

నాలుగు నెలలు తనకి తిండి సహించని మనిషి, బావ తినాలని చేపలు మోసుకొచ్చాడు. మొగుడి ముద్ద ముద్దకీ తను గడియారం చూసింది. ఎదురుగా నిలబడ్డ అన్న చిక్కిపోవడం చూడలేదు.

వెనక్కి వచ్చి మంచం పట్టెమీద కూర్చుంది. ఇక దాచలేదు. శిబిరం, ఎర్ర గీత, డాక్టరమ్మ అడిగిన ప్రశ్న, రైల్లో మాట, అన్నీ చెప్పింది. జెకర్యా పైకప్పు వైపు చూస్తూ విన్నాడు.

"అయితే బావకి నానే ఇచ్చినానా?"

మిరియం తల వంచుకుంది.

"బతికించినానని ఇన్నేళ్ళు ఊరంతా సెప్పుకున్నాను," అన్నాడు. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

విశాఖలో పరీక్షలయ్యాయి. అదే వైరస్. అతనికెక్కడ అంటిందో ఎవరూ చెప్పలేకపోయారు. కాలేయం ముడుచుకుపోయిందని, ఇప్పుడు ఆ సూది వేస్తే తట్టుకోలేడని డాక్టరమ్మ చెప్పింది. పొట్టలో నీళ్ళు తీశారు. ఉప్పు పూర్తిగా మానెయ్యాలంది. ఉప్పు మడుల మేస్త్రీ ఆ మాటకి నవ్వాడు. ఆ ఆసుపత్రిలో అతను నవ్విందల్లా అదొక్కసారే.

"మీరు తెమ్మన్నప్పుడే తెచ్చుంటే?" అని అడిగింది మిరియం.

డాక్టరమ్మ పరీక్ష కాగితం ఆమె వైపు తిప్పింది. "ఇది ఏళ్ళ తరబడి జరిగిందమ్మా. ఆ నెలల వల్ల పెద్ద తేడా ఉండేది కాదేమో." చివరనున్న ఆ 'కాదేమో' అన్నది మిరియం చెవిలో ఉండిపోయింది.

జీవన్ కుమార్‌కి విషయం తెలిసిన రోజున లేవలేని మనిషి లేచి, చొక్కా తొడుక్కున్నాడు. ఆటోలో స్టేషన్‌కి వెళ్ళి, విశాఖ నుంచి రైలు దిగిన బావని తన క్వార్టర్‌కే తెచ్చుకున్నాడు. ఆ ఆగస్టు నుంచి ముందుగదిలో రెండు మంచాలు. మిరియం ఒకే గిన్నెలో గంజి కాచి, ఉప్పు వెయ్యకముందు ఒక పళ్ళెం, వేశాక ఒక పళ్ళెం తీసేది.

"ఆకలేసేదాకా ఆగకు బావా," అనేవాడు జీవన్ కుమార్. "గడియారం సూడు. మూడు సెంచాలు సాలు. నానూ తింతాను, నువ్వూ తిను."

"నా వల్ల నీకు..."

"ఆ నాడు నువ్వు బల్లెక్కకపోతే నాను ఆ నాడే పోదును. ఇద్దరు పిల్లలు నాకు ఆ తరవాతే గదా పుట్టినారు. తిను."

జెకర్యా ఒక చెంచా మింగాడు. కాసేపటికి రెండోది.

క్రిస్మస్ ముందు అతను మూలపేట వెళ్ళిపోయాడు, సొంత ఇంట్లో ఉండాలన్నాడు. మందు అయిపోయిన ఆర్నెల్లకి, ఫిబ్రవరిలో జీవన్ కుమార్ చివరి పరీక్ష కాగితం వచ్చింది. వైరస్ లేదు. అన్నకి ఎలా చెప్పాలో మిరియంకి తెలియలేదు, చెప్పకపోవడం ఈసారి కుదరదని మాత్రం తెలుసు. మూలపేట వెళ్ళి మంచం పక్కన కూర్చుని కాగితం తీసింది.

"సదువు," అన్నాడు జెకర్యా.

ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కుని చదివి, తెలుగులో చెప్పింది.

"ఇంకోపాలి సదువు."

మళ్ళీ చదివింది. జెకర్యా కళ్ళు మూసుకుని విన్నాడు.

ఈస్టర్ రాకముందే పోయాడు. శవపేటికను ఇసక దారిన తీసుకెళ్తుంటే ముందు కుడి వైపు జీవన్ కుమార్ పట్టాడు. అప్పటికి ఒంట్లో సగం బలమే తిరిగొచ్చింది. కొబ్బరితోటలు దాటేసరికి ఆయాసపడుతున్నాడు. పేటిక ఇంకొకరికి అందించమని వెనకనుంచి రెండుసార్లు అన్నారు. అతను ఇవ్వలేదు.