తొమ్మిది మంచాల వార్డులో ఒక రౌటర్

నేను ఒక రౌటర్‌ని. అరచేయంత నల్ల డబ్బా, వెనక రెండు కొమ్ములు, ముందు మినుకుమినుకుమనే నాలుగు దీపాలు. బయటి తీగలో వచ్చినదాన్ని లోపలివాళ్ళకు అందించడమే నా ఉద్యోగం. నా మొదటి యజమాని గాలిబ్, కంభంలో ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాడు. నెట్ నెమ్మదించినప్పుడల్లా నా నెత్తిన ఒక మొట్టికాయ వేసేవాడు. దాంతో నేను పరుగు అందుకుంటానని ఆయనకు గట్టి నమ్మకం. సెంటరు మూసేశాక ఆయనే నన్ను శుభ్రంగా తుడిచి, మార్కాపురంలో ఒక చిన్న ఆసుపత్రికి అమ్మాడు.

అక్కడ నన్ను డయాలసిస్ వార్డు గోడకు బిగించారు. తొమ్మిది మంచాలు, మంచానికో యంత్రం, ఎదురుగా ఒక్కో చిన్న టీవీ. కిడ్నీలు పనిచేయనివాళ్ళు వారానికి మూడుసార్లు వచ్చి, నాలుగేసి గంటలు కదలకుండా పడుకుని రక్తం శుభ్రం చేయించుకునేవాళ్ళు. ఆ నాలుగు గంటలు గడవడానికే టీవీలు. కానీ అందరూ ఒకేసారి పెట్టేసరికి బొమ్మలు బిగుసుకుపోయేవి. అందరూ ఒకే ఛానల్ చూస్తున్నా సరే, ఒక్కో టీవీకీ విడిగా ఒక్కో ప్రతి తెప్పించేదాన్ని. ఆ సన్నటి లైనులో తొమ్మిది ప్రతులు ఎక్కడ పడతాయి? తిట్లు మాత్రం నాకే.

మూడో మంచం రోశమ్మ టీచరుది. ముప్పై ఏళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసింది. ఆమె శిష్యురాలు అంకమ్మ రాష్ట్ర జట్టులో ఉంది, ఆ జట్టు కబడ్డీ జాతీయ పోటీల్లో ఫైనల్‌కి చేరింది. ఆట గురువారం పదకొండు గంటలకు. రోశమ్మ డయాలసిస్ కూడా ఆ వేళకే. మంగళవారం ఇంటికి వెళ్ళేముందు నర్సు ఎలీశమ్మతో నెమ్మదిగా చెప్పింది.

“గురువారం నేను రానమ్మా. ఆ పిల్లకి కూత పెట్టడం నేర్పింది నేనే. దాని ఆట ఇక్కడ ముక్కలు ముక్కలుగా చూడలేను.”

ఎలీశమ్మ ఒప్పుకోలేదు. కిందటి నెల ఒక్క పూట మానేసినందుకే రోశమ్మ ఊపిరితిత్తుల్లో నీరు చేరి, మూడు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. పోనీ మధ్యాహ్నం రమ్మందామంటే మంచాలు ఖాళీ లేవు. ఎంత చెప్పినా రోశమ్మ వినలేదు. దాంతో ఎలీశమ్మ ఆసుపత్రి కంప్యూటర్లు చూసే షమీమ్‌కి ఫోన్ చేసింది.

బుధవారం పొద్దున్నే షమీమ్ వచ్చి, ప్లాస్టిక్ స్టూలు లాక్కుని నా కింద కూర్చుంది. మల్టీకాస్ట్ ప్రాక్సీ అనే పని నాకు అప్పగించింది. పేరు పెద్దదే కానీ, హాస్టల్లో వంటావిడ చేసేది కూడా అదే పని. గిన్నె ఒక్కటే, కంచం చాపినవాళ్ళందరికీ అందులోంచే వడ్డన. ఏ టీవీకి ఏ ఛానల్ కావాలో నేను కనుక్కోవాలి, అందరి తరఫునా పైకి ఒక్కసారే అడగాలి, వచ్చిన ఒక్క ప్రతినీ అందరికీ పంచాలి. బయటివైపు ఏ తీగో, టీవీలవైపు ఏ తీగో రాసి ఇచ్చింది.

టీవీ పెట్టి చూస్తే నల్ల తెర.

తీగలు మార్చింది. నన్ను మూడుసార్లు ఆపి, మళ్ళీ పెట్టింది. మొట్టికాయ పడుతుందని నేను సిద్ధంగానే ఉన్నాను. షమీమ్ మాత్రం, నేను చేసే ప్రతి పనీ రాసుకునే లాగ్ తెరిచి, ఓపిగ్గా చదవడం మొదలుపెట్టింది. విషయం అందులోనే ఉంది. బొమ్మలు నా దాకా వస్తున్నాయి. కానీ పంపుతున్న సర్వరు చిరునామా నాకు ఎవరూ చెప్పలేదు. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఇచ్చింది తీసుకోకపోవడం నాకు పుట్టుకతో వచ్చిన బుద్ధి. అందుకే అన్నిటినీ గుమ్మంలోనే వదిలేస్తున్నాను.

“నీ తప్పేం లేదులే, చెప్పనిది నేనే,” అంది షమీమ్. నాతో అలా మాట్లాడిన మనిషి అప్పటిదాకా లేరు.

ఆ చిరునామా ఒక్క వరుస రాసింది. తొమ్మిది తెరలూ వెలిగాయి. రెండు గంటలు కూర్చుని చూసింది, ఒక్కటీ ఆగలేదు. ఎలీశమ్మ ఫోన్ చేసి చెబితే రోశమ్మ నమ్మలేదు. షమీమ్ ఫోన్ అందుకుంది. “టీచరుగారూ, రేపు ఆట అయిపోయేదాకా నేనూ ఇక్కడే కూర్చుంటాను. రండి.”

రోశమ్మ వచ్చింది.

పదకొండయ్యేసరికి తొమ్మిది టీవీల్లోనూ కబడ్డీయే. భక్తి ఛానల్ తప్ప మరొకటి ముట్టని ఏడో మంచం కోటయ్య కూడా పెట్టించుకున్నాడు. చివరి కూతకి వెళ్ళింది అంకమ్మే. రెండు పాయింట్లు తెస్తే గెలుపు. ఒకటి తెచ్చేలోపే నలుగురు పట్టేశారట. ఓడిపోయారు.

రోశమ్మే ముందుగా అంది. “గీత దగ్గరికి వచ్చాక కూడా కూత ఆపలేదు, చూశారా?”

సూదులు తీయడానికి ఎలీశమ్మ వస్తే చెయ్యి చాపి, “శనివారం ఎన్నింటికి రమ్మంటావు?” అని అడిగింది.

ఇప్పుడు ఆ గోడ మీద నాకంటే చురుకైనది ఉంది. నేను షమీమ్ వాళ్ళింట్లో పుస్తకాల అలమరలో ఉన్నాను. వాళ్ళింటికి వచ్చినవాళ్ళు ఆ ఆట ఎలా సాగిందని నన్ను అడిగితే చెప్పలేను. దాని ప్రతి ముక్కా నా గుండా వెళ్ళింది కానీ, దాన్ని బొమ్మగా చూసే కళ్ళు నాకు లేవు. నేను విన్నది మాత్రం చెప్పగలను. అంకమ్మ చివరి కూతకి గీత దాటినప్పుడు, తొమ్మిది మంచాల మీదా ఊపిరి ఒక్కసారే ఆగింది.