ఇనుప తలుపు గది

వదినగారి వర్క్‌షాపులో తయారయ్యేది ఒకటే వస్తువు, సైనిక వాహనాల పైమూతకు బిగించే రబ్బరు గాస్కెట్. వాహనం నదిలో దిగితే నీళ్లు లోపలికి రాకుండా ఆపేది అదే. భర్త పోయాక పనంతా ఆవిడే నెత్తిన వేసుకుంది. అచ్చుల దగ్గర మరిది ఉండేవాడు. ఒకప్పుడు అలాంటి వాహనమే నడిపి, మోకాలు పాడై సైన్యం నుంచి ఇంటికొచ్చిన మనిషి. అందరూ సిపాయి అనేవారు. గాస్కెట్‌ను వేళ్లతో తడిమి, చిన్న గాటు తగిలినా పక్కన పారేసేవాడు.

ఆ ఏడు కొత్త రూలు వచ్చింది. డ్రాయింగులూ అచ్చులూ తయారైన సరుకూ ఇనుప తలుపున్న గదిలో ఉండాలి, అనుమతి ఉన్నవాళ్లే లోపలికి వెళ్లాలి. గోదాములో సగం వదులుకుని గది కట్టారు. సిపాయే దగ్గరుండి కట్టించాడు.

తర్వాత రక్షణ శాఖ అధికారి వచ్చాడు. వదినగారికీ ఇద్దరు పనివాళ్లకీ అనుమతి వచ్చిందన్నాడు.

"మరి మా మరిదికి?"

"రాలేదండీ. వాళ్లావిడ అన్నయ్య సరిహద్దు అవతల ఉంటాడట."

"ఆయన అక్కడ బట్టలు కుట్టుకుని బతుకుతున్నాడు."

"కావచ్చు. నా చేతిలో ఏం లేదు."

సిపాయి అక్కడే ఉన్నాడు. "నా పెళ్లికి పర్మిషన్ ఇచ్చింది సైన్యమే సార్" అన్నాడు మెల్లగా.

"అది వేరే విభాగం."

అప్పటినుంచి సిపాయి తలుపు బయట స్టూలు మీద కూర్చుని, రబ్బరు కాలే వాసన పట్టి, అచ్చు ఎప్పుడు తీయాలో లోపలివాళ్లకు చెబుతుండేవాడు. తనిఖీవాళ్లు అదీ కుదరదన్నారు. ఇంట్లో అతని భార్య అన్నకు ఫోన్ చేయడం మానేసింది. ఒకరోజు భోజనాల దగ్గర, "అంతా నావల్లే కదా" అంది.

"ఇక ఈ సైన్యం కాంట్రాక్టుకో దండం పెట్టేద్దాం" అంది వదిన మర్నాడు.

"నాకోసం మానేస్తే, ఆ బళ్లలో కూర్చునేవాళ్ల సంగతేంటి వదినా?"

"నువ్వు చూడని సరుకు మీద నేను సంతకం పెట్టలేనయ్యా."

కాంట్రాక్టు ముగిసింది. వాళ్లు వాషింగ్ మెషిన్ల తలుపులకు రబ్బరు చేయడం మొదలుపెట్టారు. గిరాకీ బాగానే వచ్చింది.

ఏడాది తిరక్కుండా అధికారి మళ్లీ వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"కొత్తవాళ్ల సరుకు కారుతోంది. మీరే మళ్లీ చేసిపెట్టాలి. మీ మరిదికి ప్రత్యేక అనుమతి తెప్పిస్తాను."

"ఎవరైనా పోయారా?" అన్నాడు సిపాయి.

అధికారి తల ఊపాడు. "ఇద్దరు."

వదిన అందుకుంది. "ఏం పెట్టి చేయమంటారు? కాంట్రాక్టు అయిపోగానే అచ్చులు మీవాళ్లే పట్టుకెళ్లి కరిగించేశారు. బయటికి పొక్కకూడదట."

ఆ సంగతి అధికారికి తెలియదు. వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

"ఇంట్లో చెప్పకు వదినా" అన్నాడు సిపాయి. "ఆ ఇద్దరి చావు కూడా మా ఆవిడ తన మీదే వేసుకుంటుంది."